గంగమ్మ తల్లి పేరున్న ఫైలు

నమోదు 1

బ్యాటరీ సగం. ప్యానెళ్ళు కడిగాను. మాస్టు నిలబడే ఉంది.

ఇక్కడితో నా డ్యూటీ అయిపోయినట్టే. కరెంటు తెప్ప మీద పనిచేసేవాళ్ళు రోజూ ఈ మూడు ముక్కలూ రాసి గట్టుకు, అంటే ఇంకా మునగని నేల మీదున్న సర్కారుకి, పంపాలి. గట్టు మీద ఎవరో చదవాలి. చదవరు. పోయిన వానాకాలం నేను వరసపెట్టి "ప్యానెళ్ళ మీద ఏనుగు కూర్చుంది" అని రాశాను. ఏ రంగు ఏనుగని కూడా ఎవరూ అడగలేదు. కాబట్టి ఇవాళ్టి నుంచి ఇక్కడ నాకు తోచింది రాస్తాను. రాయకపోతే కోపం ఉప్పులా పేరుకుపోతుంది. కడగడానికి మంచినీళ్ళు లేవు.

నా పేరు చోడిపల్లి కొర్లమ్మ. ఊరు గొలుసుపేట. ఊరంటే నేల కాదు. సముద్రం మా పల్లెల్ని మింగేశాక పాత ఓడల చెక్కలూ ప్లాస్టిక్ డ్రమ్ములూ కలిపి తెప్పలు కట్టుకున్నారు. ఒక తెప్పకి ఇంకో తెప్ప ముడి వేసుకుంటూ పోతే ఇంత ఊరైంది. నేను బడికి వెళ్ళలేదు, ఉంటే కదా వెళ్ళడానికి. గట్టు వాళ్ళు పారేసిన స్క్రీన్లు మా వలల్లో పడుతుంటాయి. వాటిని విప్పి, బిగించి, బతికినవాటితో పని నేర్చుకున్నాను. చచ్చినవాటి మీద ఎండుచేపలు ఆరబెడతాం.

పొద్దున్న లాంచీ వచ్చింది. అందులో ఓ కుర్ర గుమస్తా. పేరు శశిధర్ అన్నాడు. తెప్ప ఊగుతుంటే నోటికి రుమాలు అడ్డం పెట్టుకునే చదివాడు.

"ప్రతి కుటుంబం తామెవరో, ఎక్కడివాళ్ళో చూపే ఏడు రుజువులు గవాక్షంలో అప్‌లోడ్ చేయాలి. పున్నమి ఆఖరు. ఆమోదం వచ్చిన కుటుంబానికి లంగరు హక్కు, మంచినీళ్ళ గొట్టం. రాని వాళ్ళ తెప్ప ముడి విప్పి దక్షిణపు షెడ్లకు లాక్కెళ్తారు."

గవాక్షం అంటే గట్టు సర్కారు వెబ్‌సైటు. మేం కిటికీ అంటాం. కిటికీలో కనబడనివాడు గట్టు లెక్కలో పుట్టనట్టే. వాడికి మందు ఇవ్వరు, నీళ్ళివ్వరు.

ఎర్రమ్మ పిన్ని నడుం మీద చేతులు వేసుకుని ముందుకొచ్చింది. "ఏడు రుజువులేటి బాబూ? నా మొకం ఒకటి, నా గొంతు ఒకటి. రెండున్నాయి. మిగతా అయిదూ సంద్రం అడుగునున్నాయి. ఈత వొచ్చా?"

అందరూ నవ్వారు. గుమస్తా నవ్వలేదు, పాపం నవ్వితే కక్కుకునేలా ఉన్నాడు. "అమ్మా, ఒక కుటుంబాన్ని మాత్రం మేం ఎప్పుడూ విడదీయం. అది మా నియమం. ఇక్కడ మీ కుటుంబం వాళ్ళెవరైనా ఉంటే..."

"నా నెత్తురు పంచుకున్నోలు ఈ గొలుసులో ఎవులూ నేరు."

ఆ మాట నవ్వుతూనే అంది. పిన్ని తెప్ప గొలుసులో ఆఖరిది, మా తెప్పకే కట్టి ఉంది. మా అమ్మ పోయాక నాకు ముద్ద పెట్టిన చెయ్యి ఆవిడదే. ఉప్పునీళ్ళని మంచినీళ్ళుగా మార్చే మా నీళ్ళ మిషను బాగుచేసేదీ ఆవిడే. పిన్నిలా రుజువుల్లేనివాళ్ళు గొలుసులో సగం మంది ఉంటారు. ఆ ముడి విప్పడానికి వచ్చే చెయ్యి ఎవరిదో నేనూ చూస్తాను.

నమోదు 2

బ్యాటరీ సగానికి తక్కువ. తినేసింది కిటికీయే.

గట్టు మీద ఓ పెద్ద బుడగని తాడుకట్టి ఆకాశంలోకి వదుల్తారు. మా మాస్టు దానికేసి చూస్తే సిగ్నలు వస్తుంది. గాలి పెరిగితే బుడగని దింపేస్తారు. అంటే పొద్దున్న గాలి నెమ్మదిగా ఉన్న కాసేపే మాకు కిటికీ తెరుచుకునేది. ఆ కాసేపట్లో ఊరు ఊరంతా తన రుజువులు ఎక్కించాలి.

మొదట ఎల్లాజీ మావ కూర్చున్నాడు. మావ ఊరంతా కలిసి లాగే మా పెద్దవలకి నాయకుడు. మునిగిన ఊళ్ళో ఇంటి పన్ను రసీదు, రేషన్ కార్డు, పెళ్ళి ఫోటో, అన్నీ ఉన్నాయి ఆయన దగ్గర. ఏడుకి ఏడూ.

కిటికీలో ఓ మర గొంతు మాట్లాడుతుంది. దాని పేరు సహాయిక. ఎంత మర్యాదో దానికి.

"దయచేసి ఒక్క ఫైలును ఎంచుకోండి. ధన్యవాదములు. మీరు మనుష్యులని నిరూపించుటకు, చెట్లు ఉన్న బొమ్మలన్నిటినీ తాకండి."

మావ తల గోక్కున్నాడు. "సెట్టంటే... కొబ్బరి సెట్టేనా? మునిగిపోయి తలకాయే పైకున్నది సెట్టవుతాదా, కాదా?"

"ఏదోటి నొక్కు మావా."

తప్పు నొక్కాడు. మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి బస్సులు. మావ బస్సెక్కి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. బొమ్మల గండం దాటి, రసీదు ఎక్కుతూ ఎక్కుతూ, గీత చివరి దాకా పాకి, అక్కడ సిగ్నలు తెగింది.

"క్షమించండి. ఫైలు అసంపూర్ణము. దయచేసి మొదటి నుండి ప్రారంభించండి."

మొదటి నుంచి! సగం దూరం ఈదినవాణ్ణి మళ్ళీ ఒడ్డుకి లాక్కొచ్చి దూకమన్నట్టు. ఇంతలో బుడగ దిగిపోయింది. ఇవాళంతా కలిపి ఎక్కింది మావ ఫోటో ఒక్కటే, అందులోనూ కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఒకసారికి ఒకే ఫైలు. ఒక్కో ఫైలుకీ బొమ్మల పరీక్ష. దీన్ని తయారుచేసినవాడికి మా ఊళ్ళో ఎంతమందో తెలుసు, బుడగ ఎంతసేపు ఎగురుతుందో తెలుసు. తెలిసే చేశాడు. మమ్మల్ని కాదనాల్సిన పని లేకుండా, వరసలో నిలబెట్టి వరసలోనే చంపేస్తే చాలని.

నమోదు 3

బ్యాటరీ ముప్పాతిక. ప్యానెళ్ళు రెండుసార్లు కడిగాను, కోపంగా ఉన్నప్పుడు బాగా కడుగుతాను.

కిటికీ పేజీ వెనకాల ఏముందో విప్పి చూశాను. ప్రతి పేజీకీ వెనక రాత ఉంటుంది, చొక్కాకి లోపలి కుట్టులాగ. ఫైలు ఎంచుకునే చోట ఒక్క చిన్న మాట లేదు. ఆ మాట ఉంటే ఒకేసారి ఎన్ని ఫైళ్ళయినా ఎంచుకోవచ్చు. ఉద్దేశపూర్వకంగా తీసేశారో, పెట్టడం మర్చిపోయారో. నా స్క్రీను మీద నేను ఆ మాట పెట్టాను. వేలితో నొక్కిపట్టి ఒకటి, రెండు, పది, ఇలా ఎన్ని తాకితే అన్నిటికీ గుర్తు పడింది! అవతలివైపు కూడా ఏం అడ్డు చెప్పలేదు. తలుపుకి గొళ్ళెం బయటివైపు మాత్రమే ఉన్నట్టు.

ఇంకా ఉంది. ఒకటి వెళ్ళగానే తర్వాతది దానంతటదే బయల్దేరేలా ఓ వరస కట్టాను. బొమ్మల పరీక్ష మొదట ఒక్కసారే. చెట్లో, బస్సులో, ఏదైతే అది నేనే దాటేస్తాను.

మరి ఏడు రుజువులు లేనివాళ్ళో? "ఉన్నవి పెట్టండి, లేనిదానికి మీ గొంతుతో చెప్పి రికార్డు చెయ్యండి" అన్నాను. ఒప్పుకుంటారో లేదో. అడక్కుండా ఊరుకునే రకం కాదు నేను.

పిన్ని గొంతు రికార్డు ఇలా ఉంది: "నా పేరు ఎర్రమ్మ. నా ఇల్లు ఎక్కడుండేదో నాకు తెలుసు. అక్కడిప్పుడు వంజరాలు తిరుగుతన్నాయి. నమ్మకపోతే ఆటినడుగు."

నమోదు 4

బ్యాటరీ నిండుగా ఉంది. ఇవాళ ఎక్కించాం.

ప్రతి ఇంటివాళ్ళూ తమ రుజువులన్నీ ఒక్క మూటగా కట్టి, అంటే ఒకే ఫైలుగా చేసి, నాకు తెచ్చి ఇచ్చారు. ఒక్కో ఇంటి మూట నా స్క్రీనులో ఒక్కో గదిలో, అంటే ఫోల్డరులో, పెట్టాను. మూటకి పేరేం పెట్టాలని నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అడగడానికేముంది? కొత్త పడవకైనా, కొత్త వలకైనా, చివరికి కొత్త బకెట్టుకైనా మా వాళ్ళు మొదట రాసే పేరు ఒకటే. గంగమ్మ తల్లి. ఆ పేరు లేకుండా నీళ్ళలోకి ఏదీ దింపం.

ఎవరి మూట ముందు, ఎవరిది వెనక అన్న గొడవ రాలేదు. నా మూట ఆఖర్న పెట్టాను. అదీ మా పద్ధతే. పెద్దవల లాగాక చేపలు పంచేవాడు తన పాలు అందరికంటే చివర తీసుకోవాలి. ముందు తీసుకున్నవాడి చేతికి మళ్ళీ పంపకం ఇవ్వరు. ఇవాళ పంచేదాన్ని నేనే కదా.

బుడగ లేచింది. వరస కదిలింది. ఒక మూట, ఇంకో మూట, ఇంకోటి. సహాయిక ప్రతిసారీ "స్వీకరించబడినది, ధన్యవాదములు" అంటుంటే ఊరంతా వెంట వెంటనే అంటున్నారు. మూడోసారికి దాని గొంతునే అనుకరించి ముక్కుతో అనడం మొదలెట్టారు. నా మూట వెళ్ళేసరికి బుడగ ఇంకా పైనే ఉంది.

ఎల్లాజీ మావ నా నెత్తి మీద మొట్టికాయ వేశాడు. అంటే మెచ్చుకున్నాడని. "ఒలే గుంటా, వల లాగినట్టు లాగీసినావు!"

చేపల పులుసు పెట్టుకుని తిన్నాం. పిన్ని నా కంచంలో తలకాయ వేసింది.

నమోదు 5

బ్యాటరీ, ప్యానెళ్ళు, మాస్టు. ఏవీ చూడలేదు.

జవాబు వచ్చింది. మొత్తం గొలుసుపేటకి ఒక్క జవాబు.

"చోడిపల్లి కొర్లమ్మ కుటుంబము ఆమోదించబడినది. అభినందనలు."

అంతే. ఇంకెవరూ లేరు. ఎవరి మూటా లేదు. వెనక్కి తవ్వి తవ్వి చూస్తే అప్పుడర్థమైంది. మేమందరం ఒకే మాస్టు మీద నుంచి వెళ్తున్నాం కాబట్టి కిటికీకి మేం ఒకే మనిషిలా కనబడతాం. ఒకే మనిషి అదే పేరుతో మళ్ళీ ఫైలు పంపితే, పాతది చెరిపేసి దాని చోట కొత్తది పెట్టుకుంటుంది. గంగమ్మ తల్లి మీద గంగమ్మ తల్లి, దాని మీద మళ్ళీ గంగమ్మ తల్లి. ప్రతి ఇల్లూ తన ముందున్న ఇంటిని తుడిచేసింది. "స్వీకరించబడినది" అన్న ప్రతిసారీ మేం వంత పాడాం. ఆఖర్న మిగిలింది నాది.

మర్యాదకి వెనక నిలబడ్డాను. దొంగలా ముందు తేలాను.

చెప్పి చూశాను. ఎవరికెక్కుతుంది? మావ పెళ్ళాం కాసులత్త అందరి ముందూ అనేసింది. "యంత్రం పని నీకొక్కదానికే తెలుసు. నీ ఇల్లొక్కటే దక్కింది. ఇంకేటి సెప్పాలే?"

"పేరొకటే అయిపోయిందత్తా! అందరూ తల్లి పేరే పెట్టారు!"

"అయితే తప్పు తల్లిదంటావేటి?"

తల్లిది కాదు. మాదీ కాదు. ఒకే పేరున్న రెండు మూటలు వస్తే, ఒకటి పారేసే ముందు "ఇదేంటి" అని ఒక్క మాట అడగని కిటికీది. మా పిల్లలు కూడా అడుగుతారు ఆ మాత్రం.

మధ్యాహ్నం లాంచీలో నీళ్ళ గొట్టం వాడొచ్చి మా తెప్ప కొలతలు తీసుకున్నాడు. అందరూ చూస్తుండగా. వాడి టేపు సముద్రంలోకి విసిరేశాను.

నమోదు 6

బ్యాటరీ ముప్పాతిక.

పేర్లు మార్చి మళ్ళీ పంపుదామని కిటికీ తెరిచాను. "ఈ ద్వారము నుండి దరఖాస్తు పూర్తయినది. మార్పులకు మాత్రమే అవకాశము కలదు." కొత్తవి ఎక్కించే గుర్తు మాయమైంది. మిగిలింది ఒక్కటే మీట. మార్చు.

చాలాసేపు ఆ మీటనే చూస్తూ కూర్చున్నాను. మార్చు అంటే ఆమోదం పొందిన ఫైలు తీసి, అదే పేరుతో ఇంకోటి పెట్టడం. ఇంకోటి అంటే ఏదైనా. ఎంత పెద్దదైనా.

ఊరందరి మూటలూ కలిపి ఒక్క మూట కడితే? గంగమ్మ తల్లి అన్న పేరుతోనే పెడితే? అప్పుడు ఆమోదం పొందిన కుటుంబంలో ఊరంతా ఉంటుంది. కుటుంబాన్ని విడదీయం అన్నది వాళ్ళే.

మీట కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "పాత ఫైలు ముందుగా తొలగించబడును. కొత్త ఫైలు పూర్తిగా చేరినచో ఆమోదము కొనసాగును. చేరనిచో దరఖాస్తు రద్దగును." మధ్యలో సిగ్నలు తెగితే నాకున్నదీ పోతుంది. పోనీ. అది నాదని నేనెప్పుడన్నాను?

ఊరిని పిలిచి చెప్పాను. ఎల్లాజీ మావ నేలచూపులు చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది. గుమస్తా ఆయనతో విడిగా మాట్లాడాడట. మీ రుజువులు గట్టివి, లాంచీ ఎక్కి గట్టు ఆఫీసుకి రండి, మీ ఒక్కరిదీ అక్కడ చూస్తారు అని. కానీ ఒక మనిషి పేరు రెండు కుటుంబాల్లో ఉండకూడదు. మా మూటలోకి వస్తే ఆ దారి మూసుకుపోతుంది.

"నాకు ఏడూ ఉన్నాయి కదే," అన్నాడు మావ. "నానేటి తప్పు చేసినాను, అందరితోపాటు మునగడానికి?"

నేను నోరు తెరిచాను. తెరిస్తే ఏం వచ్చేదో నాకు తెలుసు, పిన్నికీ తెలుసు. నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"అన్నా," అంది మావతో. "ఎల్తే ఎల్లు. నానేటీ అనను. ఒక్కటి అడగతాను. నాను తేలుకుంటా ఈ గొలుసుకాడికొచ్చిన దినం నీకు గేపకముందా?"

"ఎందుకు నేదు."

"మీరు పెద్దవల లాగతన్నారు. నాను సెక్క మీంచి దిగి తాడు సివర పట్టుకున్నాను. లాగనానికి కాదు. పడిపోకుండా పట్టుకున్నాను. సేపలు పంచినప్పుడు నా ముందు కూడా ఒక పాలు పెట్టినావు. ఈ మనిసి ఎవులని నీ పెళ్ళామే అడిగింది. నువ్వేటన్నావు?"

కాసులత్త ముఖం తిప్పుకుంది. చివరికి ఆవిడే గొణిగింది. "తాడు పట్టింది కదా, పాలు పెట్టాల అన్నాడు."

"అప్పుడు నన్ను రుజువులడిగితే సచ్చిపోదును," అంది పిన్ని. "అంతే అన్నా. లాంచీ టయం అయిపోతాది, ఎల్లు."

మావ లేచాడు. ఇంట్లోకి వెళ్ళాడు. రసీదూ, కార్డూ, ఫోటో ఉన్న తన పాత ఫోను తెచ్చి నా ఒళ్ళో పడేశాడు, చేప పడేసినట్టు.

"కట్టు మూట," అన్నాడు. "కళ్ళు మూసుకున్న పోటో మాత్తరం తీసీ."

నమోదు 7

బ్యాటరీ సున్నా. ఇది మావ పాత ఫోనులో రాస్తున్నాను, ఎందుకో చెప్తాను.

ఇవాళ పున్నమి. పొద్దున్నుంచే గాలి. గట్టు వాళ్ళు బుడగని లేపారు కానీ అది పిచ్చిపట్టినట్టు ఊగుతోంది. ఎంతసేపు ఉంచుతారో తెలియదు. మూట చాలా పెద్దది. మొన్నటిలా ఏకబిగిన పంపితే, చివర్లో తెగితే మళ్ళీ మొదటికే. ఈసారి మొదటికి వెళ్ళే అవకాశం లేదు. అందుకని మూటని ముక్కలు చేశాను. పేజీ వెనకాల పెద్ద పెద్ద ఆఫీసుల కోసం పెట్టుకున్న దారి ఒకటి ఉంది. ఆ దారిన ముక్కలుగా పంపితే, ఏ ముక్క చేరలేదో అది మాత్రమే మళ్ళీ అడుగుతుంది. ఆఖరి ముక్క చేరాక అన్నిటినీ అతికించుకుంటుంది. ఇలాంటి దారి ఉంచుకుని మాకు చెట్ల బొమ్మలు చూపించారు.

మార్చు నొక్కాను. పాత ఫైలు పోయింది. ఆ క్షణానికి కిటికీలో గొలుసుపేట మనిషి ఒక్కరు కూడా లేరు.

ముక్కలు కదిలాయి. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. బుడగ ఒకవైపు పోతే మాస్టు ఇంకోవైపు చూస్తోంది. తెప్పేమో కింద ఎగిరెగిరి పడుతోంది.

"మాస్టు తిప్పాలి! బుడగ ఎటుపోతే అటు తిప్పాలి!" అని అరిచాను.

ఎవరు తిప్పుతారు, ఎలా తిప్పుతారని నేనింకా ఆలోచిస్తుండగానే మావ పెద్దవల తాళ్ళు రెండూ మాస్టు తలకి బిగించేశాడు. ఒక తాడు తూర్పు తెప్పల మీదికి, ఒకటి పడమటి తెప్పల మీదికి. వల లాగేటప్పుడు ఎలా నిలబడతారో అలాగే నిలబడ్డారు రెండు వరసలూ. నడుంకి తాడు చుట్టుకుని, మడమలు చెక్కల సందుల్లో తన్నిపెట్టి. మావ మధ్యలో నిలబడి బుడగకేసే చూస్తూ అరిచాడు.

"తూరుపోలు లాగండ్రా! పడమటోలు ఒగ్గండ్రా! సాలు, సాలు! ఇప్పుడు మీరు లాగండే! ఏటే కాసులూ, అన్నం తిన్నేదేటి?"

"నువ్వొండితే తిందును!" అని అరిచింది కాసులత్త, తాడు వదలకుండా.

నేను స్క్రీను చూసి అరుస్తున్నాను. వస్తోంది, పోతోంది, వస్తోంది. ఒక ముక్క మూడుసార్లు వెనక్కొచ్చింది. నాలుగోసారి దాన్ని బూతు తిట్టి పంపాను, వెళ్ళింది. ఇంతలో స్క్రీను మసకబారింది. బ్యాటరీ అయిపోవస్తోంది.

"పిన్నీ! కరెంటు!"

పిన్ని నీళ్ళ మిషను దగ్గరుంది. ఊరికి మంచినీళ్ళిచ్చేది అదొక్కటే. ఒకసారి ఆపితే మళ్ళీ అందుకోవడానికి చాలాసేపు పడుతుంది, తొట్టిలో అడుగునే ఉన్నాయి నీళ్ళు. ఆవిడ ఎవర్నీ అడగలేదు. వైరు పీకి నాకు విసిరింది. "దాహం రేపు సూసుకుందుం!"

గట్టు వైపు బుడగ కిందికి దిగడం మొదలైంది. దించేస్తున్నారు. మావ గొంతు బొంగురుపోయింది. "దిగతన్నాది! మాస్టు తల వంచండ్రా! వంచండి, ఇరిగిపోతే ఇరిగిపోనీ!"

రెండు వరసలూ కలిసి లాగాయి. ఇనప మాస్టు కిర్రుమంటూ వంగింది, గట్టుకి దండం పెడుతున్నట్టు. దండం కాదది. దిగిపోతున్నవాడి కళ్ళలోకి చూడటం.

ఆఖరి ముక్క వెళ్ళింది.

"ధన్యవాదములు," అంది సహాయిక. "కుటుంబ సభ్యులందరితో మీ సంబంధమును తెలుపండి." తల్లి, తండ్రి, భర్త, సంతానము, ఇతరము. ఇతరము నొక్కాను. ఖాళీ గడి వచ్చింది. తాళ్ళు పట్టుకుని వగరుస్తున్న వాళ్ళకేసి చూసి రాశాను. ఒకే తాడు.

స్క్రీను ఆరిపోయింది. అది చేరిందో లేదో తెలియకుండానే.

నమోదు 8

బ్యాటరీ పావు. మాస్టు వంగి ఉంది. అలాగే ఉంచుతాం.

తెప్పల ముడులు విప్పడానికి లాంచీలు వచ్చాయి. ముందు లాంచీలో శశిధర్, వెనక గొడ్డళ్ళూ కొక్కేలూ పట్టుకున్న మనుషులు. మేం ముందుగా అనుకున్నదేం లేదు కానీ, ఎవరికి వాళ్ళు వచ్చి తమ తెప్ప ముడి మీద కూర్చున్నారు. నేను పిన్ని ముడి మీద కూర్చున్నాను.

శశిధర్ చేతిలో పలక తీశాడు. "ఆమోదం పొందిన కుటుంబం కాకుండా మిగతా..." అని ఆగిపోయాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. "మిగతా ఎవరూ లేరే?"

"నేరు," అన్నాడు మావ.

"అందరూ ఒకే కుటుంబం అని ఉంది!"

"అవును బాబూ."

"అలా ఎలా కుదురుతుందండీ? ఇంతమంది! ఇంటిపేర్లే వేరు. దయచేసి విడివిడిగా మళ్ళీ పంపండి, నేను గడువు అడిగి చూస్తాను."

మంచివాడే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. నేను లేవకుండానే చెప్పాను. "విడివిడిగా పంపితే మీరు విడివిడిగా చూస్తారు. విడివిడిగా కాదంటారు. అడగండి మీ గట్టుని. కుటుంబాన్ని విడదీస్తారా, విడదీయరా?"

ఆయన పలకలోకి అడిగాడు. సహాయిక గొంతు పలికింది, అంతే మర్యాదగా. "ఆమోదించబడిన కుటుంబమును విడదీయుటకు నియమములు అనుమతించవు. ధన్యవాదములు."

"ధన్యవాదములు!" అంది ఊరంతా ముక్కుతో.

శశిధర్ ఇంకా తేల్చుకోలేక పలకని చూస్తూనే ఉన్నాడు. మావ ఆయన దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. "బాబూ, వల పైకొచ్చీసినాక ఏ సేప ఏ సేతి లాగుడుకి వొచ్చిందని సెప్పగలవేటి నువ్వు?"

"లేదండీ."

"మాకూ తెల్దు. ఏనాడూ అడగనేదు."

గొడ్డళ్ళవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుని వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. శశిధర్ లాంచీ ఎక్కబోతూ నా దగ్గర ఆగాడు. "నీళ్ళ గొట్టం ఒక కుటుంబానికి ఒకటేనమ్మా. ఇంత సన్నది." చిటికెన వేలు చూపించాడు. "అది నా చేతుల్లో లేదు."

"బిగించండి చాలు," అన్నాను. "కుళాయి కట్టేసే మీట మాత్రం అక్కర్లేదు."

నమోదు 9

బ్యాటరీ సగం. ప్యానెళ్ళు కడిగాను. మాస్టు వంగే ఉంది.

కుళాయి పిన్ని తెప్ప మీద పెట్టించాను, గొలుసు చివర. అక్కణ్ణుంచి బిందెలు చేతులు మారుతూ మొదటి తెప్ప దాకా వెళ్తాయి, పెద్దవల తాడు దగ్గర నిలబడే వరసలోనే. పొద్దున్న తెరిచాం. రాత్రీ కట్టం. చిటికెన వేలంత ధార, ఆగకుండా. పంచేది నేనే. నా బిందె చివర్న.

ఇవాళ కిటికీ తానంతట తానే తెరుచుకుంది. ఇన్నాళ్ళకి గట్టు నన్ను ఒక మాట అడిగింది.

"మీ కుటుంబము మంచినీటిని పరిమితికి మించి వినియోగించుచున్నది. దయచేసి కారణము తెలుపండి."

పిన్ని నా భుజం మీంచి తొంగిచూసింది. "ఏటంటాది?"

చదివి చెప్పాను. అప్పుడే నిండిన బిందె పక్కవాళ్ళకి అందిస్తూ, "రాయి మరి," అంది.

రాశాను.

మాది పెద్ద కుటుంబం.